ఏజెంట్ జనరల్ మున్షీ: హైదరాబాదులో తొమ్మిది నెలల రాయబారం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 1948లో హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కనయ్యాలాల్ మాణిక్‌లాల్ మున్షీని దౌత్యవేత్త అనాలా, రాజకీయ నాయకుడు అనాలా అన్నది మొదటిది. ఆ పదవి పాత బ్రిటిష్ రెసిడెంట్ (సంస్థానంలో ఉండే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి) పదవికి కొనసాగింపేనా అన్నది రెండోది. రెండోదాని సంగతి తేలితే తప్ప మొదటిది తేలదు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ కాలపు చరిత్రను చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు బోధించినవాణ్ణి. ఈ ప్రశ్నలకు ఒక్క వాక్యంతో సరిపెట్టిన జవాబు పత్రాలను వందలకొద్దీ దిద్దినవాణ్ణి కూడా. అందుచేత కొంత విస్తారంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

నిజాం ఉస్మాన్ అలీ ఖాన్, గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్ 1947 నవంబరు 29న సంతకాలు చేసిన యథాతథ ఒప్పందంలో ఉన్నవి ఐదే నిబంధనలు. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా సమాచార వ్యవస్థలతో సహా ఉమ్మడి విషయాల్లో బ్రిటిష్ వారికీ నిజాముకూ మధ్య అంతవరకూ నడిచిన ఏర్పాట్లు ఇకపై ఢిల్లీకీ హైదరాబాదుకూ మధ్య నడుస్తాయని మొదటిది చెప్పింది. ఒప్పందం సజావుగా అమలు కావడానికి ఇరుపక్షాలూ హైదరాబాదులోనూ ఢిల్లీలోనూ తమ తమ ఏజెంట్లను నియమించుకుంటాయనీ, వారి విధులకు కావలసిన సదుపాయాలన్నీ కల్పిస్తాయనీ రెండోది చెప్పింది. పారమౌంట్సీ, అంటే సంస్థానాల మీద బ్రిటిష్ ప్రభుత్వం చెలాయించిన పై అధికారం, ఈ ఒప్పందం ద్వారా ఎవరికీ సంక్రమించదని మూడోది స్పష్టం చేసింది. వివాదాలు వస్తే మధ్యవర్తుల ముందుంచాలన్నది నాలుగోది, గడువు ఒక సంవత్సరమన్నది అయిదోది. మధ్యవర్తుల మాట కాగితం దాటి ఆచరణలోకి ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు రెండో నిబంధనను మూడోదాని పక్కన పెట్టి చదవండి. రెసిడెంటుకు సంస్థానంలో పలుకుబడి ఉన్నదంటే దానికి మూలం పారమౌంట్సీ. దివాను నియామకంలో వేలు పెట్టినా, వారసత్వపు తగాదాలో మాట చెల్లించుకున్నా అతడి వెనుక ఉన్నది ఆ అధికారమే. మూడో నిబంధన దాన్ని తీసివేసింది. అయితే మిగిలిన ఏజెంటు ఎవరు? విదేశీ రాయబారి అందామంటే విదేశీ వ్యవహారాలే ఢిల్లీ చేతిలో ఉన్నాయి. కేవలం ఉత్తరాలు అందించే మనిషి అందామంటే అన్ని సదుపాయాలూ కల్పించాలని రాసి ఉంది. ఒప్పందం రాసినవారికి ఈ చిక్కు తెలియదని నేను అనుకోను. ఒక ఏడాది పాటు ఎవరికి అనుకూలమైన అర్థం వారు చెప్పుకోవడానికి వీలుగానే ఆ మాటను అలా వదిలేశారని నా అభిప్రాయం. హైదరాబాదు ప్రభుత్వం అతణ్ణి వ్యాపార ప్రతినిధి స్థాయికి మించనివ్వకూడదని చూసింది. ఢిల్లీ అతడి ద్వారా సంస్థానంలోకి ఒక కిటికీ తెరుచుకోవాలని చూసింది.

ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టడానికి సర్దార్ పటేల్ ఎంచుకున్న మనిషిని చూస్తే ఢిల్లీ ఉద్దేశం మరింత తేటపడుతుంది. మున్షీ 1887లో భరూచ్‌లో పుట్టారు. బొంబాయి హైకోర్టులో పేరు మోసిన న్యాయవాది, గుజరాతీలో చారిత్రక నవలలు రాసి ప్రసిద్ధికెక్కిన రచయిత. 1937 నుంచి 1939 వరకు బొంబాయి రాష్ట్రానికి హోం మంత్రి. 1938లో భారతీయ విద్యాభవన్ స్థాపించారు. అహింస విషయంలో గాంధీజీతో ఏకీభవించలేక 1941లో కాంగ్రెస్ విడిచి, అఖండ హిందుస్థాన్ నినాదంతో దేశమంతా తిరిగి, 1946లో మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చారు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో మన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌తో పాటు ఆయనా సభ్యులు. ఇంతటి అనుభవంలో దౌత్యం మాత్రం ఎక్కడా లేదు. అన్నిటికంటే ముఖ్యం, సోమనాథ ఆలయ పునర్నిర్మాణానికి గట్టిగా నిలబడ్డ మనిషిగా ఆయన అప్పటికే అందరికీ తెలుసు. రజాకార్ల మాతృసంస్థ మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ చెప్పుచేతల్లో ఉన్న రాజధానికి సామరస్యం కోరి పంపవలసిన మనిషి కాదాయన. పటేల్‌కు ఆ సంగతి తెలియక పంపారనుకోవడం ఆయన్ను తక్కువ అంచనా వేయడమే.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. పద్యనాటకాల్లో కృష్ణరాయబారం చూస్తూ పెరిగిన మనకు రాయబారి అంటే తటస్థుడు అన్న భ్రమ ఉండనక్కర లేదు. హస్తినాపురానికి వెళ్లిన కృష్ణుడు ఎవరి పక్షమో సభలో అందరికీ తెలుసు. మున్షీకి పక్షపాతం ఉన్నందువల్ల ఆయన రాయబారి కాకుండా పోరు. చూడవలసింది ఆయన రాయబారపు పని చేశారా లేదా, చేయనిచ్చారా లేదా అన్నదే.

1948 జనవరి మొదటి వారంలో ఆయన హైదరాబాదు చేరారు. మొదటి తగాదా ఇంటి దగ్గరే వచ్చింది. రెసిడెంటు వాడుకున్న భవనాల్లో ఏ ఒక్కటీ తాత్కాలికంగానైనా ఇవ్వడానికి నిజాం ప్రభుత్వం ఇష్టపడలేదు. కోఠీ రెసిడెన్సీ గాని, బొల్లారం రెసిడెన్సీ గాని ఏజెంటుకు ఇస్తే రెసిడెంటు తిరిగి వచ్చినట్లే జనం అనుకుంటారని వారి శంక. పట్నంలో ఆ భవనాలకున్న పరపతి ఎలాంటిదో తెలిసినవారికి ఆ శంకలో అర్థం లేకపోలేదు. చివరికి మున్షీ బొల్లారం ప్రాంతంలో భారత సైన్యానికి చెందిన భవనాల్లో దిగారు. వినడానికి ఇది చిల్లర గొడవలా ఉంటుంది గాని, ఆ తొమ్మిది నెలల కథంతా దీనిలో ఉంది. ఎక్కడ ఉండాలన్నదే తేలని మనిషికి ఏమిటి పని అన్నది ఎలా తేలుతుంది? ఆయనకు ఇవ్వని కోఠీ భవనంలో 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ నడిచింది, అదే ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. బొల్లారం రెసిడెన్సీ రాష్ట్రపతి నిలయమైంది.

ఇక పని సంగతి. ఢిల్లీ పట్టికలో ఫిర్యాదులు చాలా ఉన్నాయి. సంస్థానంలో భారత కరెన్సీ చెలామణీని నిషేధించడం, బంగారం వంటి లోహాల ఎగుమతిని ఆపడం, భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయలు అప్పు ఇవ్వజూపడం, లాతూరు వకీలు కాశిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల సంఖ్య రోజురోజుకూ పెరగడం, సరిహద్దు గ్రామాల మీద దాడులు. హైదరాబాదు పట్టికా చిన్నది కాదు. చుట్టూ ఉన్న రాష్ట్రాల నుంచి సరకులు రానివ్వడం లేదనీ, సంస్థానానికి ఇస్తామన్న ఆయుధాలు ఇవ్వలేదనీ, స్టేట్ కాంగ్రెస్ వారు సరిహద్దు శిబిరాల నుంచి దాడులు చేస్తున్నారనీ వారి ఆరోపణ. మద్రాసు రాష్ట్రపు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అప్పటి శిబిరాల గురించీ, బెజవాడకు వలస వచ్చిన కుటుంబాల గురించీ పెద్దవాళ్లు చెప్పగా విన్నవారు మీ ఇళ్లలోనూ ఉండవచ్చు. మామూలు ఏజెంటైతే ఈ రెండు పట్టికలనూ ఎదురెదురుగా పెట్టి ఒక్కొక్క అంశమే తగ్గించే ప్రయత్నం చేసేవాడు. మున్షీ ప్రధానంగా మొదటి పట్టికను పెంచుతూ ఢిల్లీకి నివేదికలు పంపారు.

ఆ నివేదికలు అబద్ధాలని నేను అనడం లేదు. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. నాకు అభ్యంతరం ఉన్నది ఆయన చూపు నిలిచిన చోటు గురించి. బొల్లారంలో కూర్చున్న మున్షీకి సమాచారం చాలావరకు కాంగ్రెస్ కార్యకర్తల ద్వారా, పట్నపు పెద్దమనుషుల ద్వారా అందేది. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో వెట్టికీ దేశ్‌ముఖులకూ వ్యతిరేకంగా నడుస్తున్న రైతాంగ పోరాటం ఆయన రాతల్లో ఎక్కువగా కమ్యూనిస్టు ప్రమాదంగానే కనిపిస్తుంది. అక్కడి రైతు ఎందుకు తుపాకీ పట్టాడన్న ప్రశ్న దాదాపు కనిపించదు. నిజాం ప్రభుత్వం 1948 మే నెలలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తివేసినప్పుడు రజాకార్లూ కమ్యూనిస్టులూ ఒకటయ్యారన్న భయం ఢిల్లీలో పెరిగింది. ఊళ్లలో మాత్రం కమ్యూనిస్టు దళాలు రజాకార్లతో పోరాడుతూనే ఉన్నాయి. తెలుగు పల్లె తెలిసిన మనిషి ఒకరు ఆ కార్యాలయంలో కీలక స్థానంలో ఉండి ఉంటే ఈ తేడా ఢిల్లీకి కొంతైనా చేరి ఉండేదేమో.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. అసలు చర్చలు మున్షీ గుండా నడవలేదు. నిజాం రాజ్యాంగ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, ప్రధాని మీర్ లాయక్ అలీ నేరుగా ఢిల్లీకి వెళ్లి సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మేనన్‌తో, మౌంట్‌బాటన్‌తో మాట్లాడేవారు. మౌంట్‌బాటన్‌కు మున్షీ అంటే పెద్దగా నమ్మకం లేదు; తాను దేశం విడిచి వెళ్లేలోగా ఒడంబడిక కుదర్చాలని ఆయన ఆరాటం. 1948 జూన్‌లో ముసాయిదా దాదాపు తయారై, ఆఖరి ఘడియలో నిజాం కాదనడంతో ఆగిపోయింది. జూన్ 21న మౌంట్‌బాటన్ వెళ్లిపోయారు. ఆరు నెలల పాటు ప్రధాన రాయబారం మరొకరు నడిపి, అది విఫలమయ్యాక గాని ఏజెంట్ జనరల్ మాటకు బరువు రాలేదు. అంటే, చర్చలు సాగినన్నాళ్లు మున్షీ పక్కన ఉన్నారు, చర్చలు చచ్చాక ముందుకొచ్చారు. ఆయన దౌత్య జీవితాన్ని తూచడానికి నాకు ఇంతకంటే మంచి రాయి దొరకలేదు.

లాయక్ అలీతో ఆయన మాటామంతీ మాత్రం తెగలేదు. లాయక్ అలీ పారిశ్రామికవేత్త, 1947లో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన పాకిస్తాన్ ప్రతినిధివర్గంలో ఉండి వచ్చి సంస్థాన ప్రధాని అయినవాడు. ఆయన మంత్రివర్గంలో ఉపప్రధాని మన పింగళి వెంకటరామారెడ్డి. ఇద్దరు చదువుకున్న మర్యాదస్తులు గంటల తరబడి మాట్లాడుకుని, ఒకరి మాట ఒకరు నమ్మకుండా లేచిపోయిన సమావేశాలవి. ఇద్దరూ తర్వాత ఎవరి పుస్తకం వారు రాశారు. ఒకే సంభాషణను ఇద్దరి పుస్తకాల్లోనూ చదివితే వేర్వేరు గదుల్లో జరిగినట్లుంటుంది.

ఆగస్టు నుంచి పరిస్థితి వేగంగా చెయ్యి దాటింది. భారత్‌లో విలీనాన్ని సమర్థిస్తూ రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను పట్నం నడిబొడ్డున చంపారు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో ఆయుధాలు దించుతున్నాడు. ఆ నెలలోనే హైదరాబాదు భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 11న జిన్నా మరణించారు. 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలోని సైన్యం షోలాపూర్ వైపు నుంచి లోపలికి కదిలింది, బెజవాడ వైపు నుంచి మరో దండు వచ్చింది. పారిస్‌లో భద్రతా మండలి ఎదుట నిజాం ప్రతినిధులు తమ వాదం వినిపించింది 16న, అంటే ఇక్కడ యుద్ధం ముగియడానికి ఒక్కరోజు ముందు. ఈ నాలుగైదు రోజులూ శత్రు రాజధాని మధ్యలో ఉన్న మున్షీకి తన నివాసం దాటే వీలు లేదు. దౌత్యవేత్తకు దక్కవలసిన రక్షణ ఆయనకు ఉందా లేదా అని చెప్పగలిగే నిబంధన ఒప్పందంలో ఎక్కడా లేదు. పదవికి పేరు పెట్టి అర్థం చెప్పకపోతే ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసి ఉంటుంది ఆయనకు.

17వ తేదీ ఆయన జీవితంలోనే విచిత్రమైన రోజు. లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. నిజాం మున్షీని పిలిపించి ఏం చేయాలని అడిగారు. అంతవరకు ఇల్లు ఇవ్వడానికి ఇష్టపడని ప్రభువు, ఆ సాయంత్రం తాను రేడియోలో చెప్పవలసిన మాటల విషయంలో ఈ మనిషి సలహా మీద నడిచారు. అంతకుముందెన్నడూ రేడియో కేంద్రంలో అడుగు పెట్టని నిజాం ఆనాడు స్వయంగా ప్రసంగించి, భద్రతా మండలి నుంచి ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నట్లు, రజాకార్ల దళాన్ని నిషేధిస్తున్నట్లు, భారత సైన్యం బొల్లారం, సికింద్రాబాదులకు రావడానికి అభ్యంతరం లేదన్నట్లు ప్రకటించారు. మున్షీ కూడా ఆ రేడియోలోనే మాట్లాడారు. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ జైలు నుంచి విడుదలయ్యారు. రెసిడెంటు కానివ్వకూడదని తొమ్మిది నెలలు అడ్డుకున్న మనిషి ఒక్క సాయంత్రం పాటు ఏ రెసిడెంటుకూ లేనంత శక్తి చేతబట్టుకున్నారు.

ఆ శక్తి రెండు రోజులు కూడా నిలవలేదు. పాలన చూసుకోవడానికి నిజాం ఒక సంఘాన్ని ప్రకటించారు. దాని వెనుక మున్షీ చేయి ఉంది. ఢిల్లీ ఒప్పుకోలేదు. 18న హైదరాబాదు సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాక చౌధురి మిలిటరీ గవర్నరుగా అధికారం చేపట్టారు. రెండు ప్రభుత్వాల మధ్య నడవడానికి పుట్టిన పదవికి రెండో ప్రభుత్వమే లేకుండా పోయాక పని ఏముంటుంది? మున్షీ కొద్ది రోజుల్లోనే పదవి వదిలి ఢిల్లీ చేరారు. ప్రధాని నెహ్రూ తనను ముభావంగా పలకరించారని ఆయనే నొచ్చుకుంటూ రాసుకున్నారు. విజయం పేరుతో వెనక్కి వచ్చిన మనిషికి ఇది అన్యాయంగా తోచడం సహజం. కాని మిలిటరీ గవర్నరు ఉన్న ఊళ్లో ఏజెంట్ జనరల్ కూడా ఉండి, నిజాముకు సలహాలిస్తుంటే అధికారం ఎవరిదో జనానికి తెలిసేది కాదు. ఢిల్లీ చేసినది పద్ధతి ప్రకారం సరైనదే.

ఆయన వెళ్లిన తరువాతి కాలాన్ని ఆయన రాతలతో కొలవకండి. ముఖ్యంగా పోలీసు చర్య (సెప్టెంబరు నాటి ఆ సైనిక చర్యకు పెట్టిన పేరు) సమయంలోనూ ఆ తరువాతా మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింసకు ఆయన కథనంలో తగిన చోటు లేదు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం సంస్థానంలోని పలు జిల్లాలు తిరిగి, చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల మంది వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఏజెంట్ జనరల్ నివేదికలూ సుందర్‌లాల్ నివేదికా పక్కపక్కన పెట్టుకుని చదవని పరిశోధన అసంపూర్ణమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

మున్షీ తరువాతి జీవితం పూర్తిగా రాజకీయమే. 1950లో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిగా వనమహోత్సవాన్ని ప్రారంభించారు. 1952 నుంచి 1957 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరు. 1959లో రాజాజీ స్థాపించి, మన ఆచార్య ఎన్.జి. రంగా అధ్యక్షులుగా నడిపిన స్వతంత్ర పార్టీలో చేరారు. 1971లో మరణించారు. విదేశీ రాయబారం మళ్లీ ఆయన దగ్గరికి రాలేదు, ఆయనా కోరుకున్నట్లు లేదు.

మీ ప్రశ్నలో లేకపోయినా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ పరిణామ కాలం నుంచి నిజమైన దౌత్యవేత్తలు వచ్చింది అవతలి పక్షం నుంచి. రెండో నిబంధన ప్రకారం ఢిల్లీలో నిజాం ఏజెంట్ జనరల్‌గా కూర్చున్నది నవాబ్ జైన్ యార్ జంగ్. ఉస్మానియా విశ్వవిద్యాలయ భవనాల కోసం ప్రపంచమంతా తిరిగి వచ్చిన వాస్తుశిల్పి ఆయన. గట్టిగా మాట్లాడే పక్షానికి చెందినవాడు కాకపోవడం వల్ల ఢిల్లీలో ఆయన మాట మర్యాదగా వినేవారు, ఇక్కడ ఆయన పంపిన హెచ్చరికలు మాత్రం వినేవారు కారు. అందుకే 1950లో వెల్లోడి ముఖ్యమంత్రి అయినప్పుడు ఆ మంత్రివర్గంలో ఆయనకు చోటు దొరికింది.

అంతకంటే ఆసక్తికరమైనది నవాబ్ అలీ యావర్ జంగ్ జీవితం. 1947 చర్చల్లో నిజాం పక్షాన అప్పటి ప్రధాని ఛత్తారీ నవాబుతో, మాంక్టన్‌తో కలిసి పనిచేసి, మజ్లిస్ ఒత్తిడి పెరిగిన ఆ ఏడాదే ప్రభుత్వం నుంచి తప్పుకున్నారు. పోలీసు చర్య తరువాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1952 నుంచి భారత రాయబారిగా అర్జెంటీనా, ఈజిప్టు, యుగోస్లావియా, ఫ్రాన్స్, ఆఖరున అమెరికాలో పనిచేశారు. 1956లో సూయజ్ సంక్షోభం వచ్చినప్పుడు కైరోలో మన రాయబారి ఆయనే. మధ్యలో అలీగఢ్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా ఉన్నారు, చివరికి మహారాష్ట్ర గవర్నరుగా ఉంటూ 1976లో కన్నుమూశారు. కూలిపోతున్న ప్రభుత్వం తరఫున బేరమాడిన మనిషికి, రెండు పక్షాల భయాలనూ దగ్గరగా చూసిన మనిషికి, ఈ విద్య అబ్బడంలో వింత లేదు. గెలిచే పక్షం నుంచి వచ్చిన మున్షీకి దాన్ని నేర్చుకోవలసిన అవసరమే పడలేదు.

కాబట్టి మీ వ్యాసంలో మున్షీని 'దౌత్య హోదాలో పంపిన రాజకీయ ప్రతినిధి' అని రాయండి. రెసిడెంట్ పదవికి కొనసాగింపు అనకండి, మూడో నిబంధన అడ్డు వస్తుంది. రాయబారి అని ఒక్క మాటతో ముగించకండి, 1948 జూన్ దాకా చర్చలు ఎవరి చేతిలో నడిచాయో చూపించండి. తేదీలను మాత్రం మున్షీ పుస్తకం ఒక్కదాని నుంచే తీసుకోక, వి.పి. మేనన్, లాయక్ అలీ ఇచ్చిన తేదీలతో సరిపోల్చుకుని వాడండి.